ట్యాంకర్ దగ్గర ఫస్ట్ పీరియడ్

ఆ రోజుల్లో కంప్యూటర్‌కు జరిగిన మర్యాద మా బడిలో ఏ పంతులుకూ జరగలేదు. పటాన్‌చెరు నుంచి కాజీపల్లి వైపు వెళ్లే దారిలో, ఫ్యాక్టరీ గోడలకూ జొన్న చేలకూ మధ్య ఇరుక్కుని ఉండేది ఆ ప్రైవేటు హైస్కూలు. తరగతి గదులకు రేకుల కప్పు, కంప్యూటర్ గదికి మాత్రం స్లాబు. తరగతి గదుల్లో ఫ్యాన్లు అలంకారానికి వేలాడేవి, కంప్యూటర్ గదిలో మాత్రం బడి మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క ఏసీ. చెప్పులు బయట విడిచి, కాళ్లు గోనెపట్టా మీద తుడుచుకుని లోపలికి రావాలి. సాయంత్రం కాగానే ప్లగ్గులు పీకి, దర్జీ దగ్గర కుట్టించిన పూల గుడ్డ తొడుగులు తొడిగి, తాళం వేయాలి. "దానికి గూడ రెస్టు గావాలె గదనయ్యా" అనేవారు మా హెడ్‌మాస్టరు. (నా రెస్టు సంగతి ఆయన ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు.) అమీర్‌పేటలో కొన్ని నెలలు కోర్సు చేసి, సంగారెడ్డిలో మా ఇంటి అద్దం ముందు టై కట్టుకోవడం నేర్చుకుని, రోజూ బస్సు పట్టుకుని వచ్చి ఆ చల్లటి గదిలో కూర్చునేవాణ్ణి నేను. వయసు ఇరవై రెండు. జీతం చెప్పుకోదగ్గది కాదు గానీ పిల్లలు "కంప్యూటర్ సార్" అని పిలుస్తుంటే, ఊళ్లో నాకంటే తెలివైనవాడు ఇంకొకడు లేడని గట్టిగా నమ్మే వయసు.

హెడ్‌మాస్టరుని అందరం పెద్దసారు అనేవాళ్లం. మంచి మనిషే, కానీ గడియారం మనిషి. వాచీని మణికట్టు లోపలి వైపుకు కట్టుకుని, ప్రార్థన గంట కొట్టగానే వచ్చి గేటు దగ్గర నిలబడేవారు. ఆలస్యంగా వచ్చినవాళ్లను తిట్టరు, కొట్టరు. పొద్దున్నే చేతులు జోడించి, "గుడ్ ఆఫ్టర్‌నూన్ అమ్మా, రాండ్రి" అనేవారు. ఆ పలకరింపును రోజూ తప్పకుండా అందుకునే పదో తరగతి పిల్ల ఒకతి ఉండేది. కొన్నాళ్లకు ఆ పిల్లకు అదే పేరైపోయింది. తోటి పిల్లలే కాదు, పంతుళ్లం కూడా "గుడాఫ్టర్‌నూన్" అనే పిలిచేవాళ్లం, అదీ పలికేది. వాళ్లమ్మ మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి తెల్లవారకముందే వెళ్లిపోయేది. నాన్న లారీ మీద నాందేడ్ దాకా తిరిగేవాడు. ఇంట్లో మిగిలేది మోకాళ్లు పట్టేసిన నాయనమ్మ. వాళ్ల బస్తీ మా బడి వెనకే. ఫ్యాక్టరీలు వచ్చాక అక్కడి బోరు నీళ్లు పాడైపోయి, తాగడానికైనా వండడానికైనా ట్యాంకరే దిక్కయింది. ఆ ట్యాంకరు సరిగ్గా మా ప్రార్థన వేళకే వచ్చేది. బిందె పట్టుకుని వరుసలో నిలబడాల్సింది ఈ పిల్లే. బస్తీకి చివరి ఇల్లు కావడంతో ఎప్పుడూ వరుసకు కూడా చివరే. ఒక్కోరోజు అంతసేపూ నిలబడితే ఆమె దాకా వచ్చేసరికి ట్యాంకరు ఖాళీ అయిపోయేది. అటు నీళ్లూ లేవు, ఇటు పాఠమూ లేదు.

పెద్దసారు దగ్గర మాత్రం ఒకటే లెక్క. ఫస్ట్ పీరియడ్‌లో లేని పిల్ల ఆ రోజు బడిలో లేనట్టే. అర్ధ సంవత్సర పరీక్షలు అయ్యాక గుడాఫ్టర్‌నూన్‌ని ఆఫీసు గదికి పిలిపించి, నేను కూడా ఉండగానే చెప్పేశారు. "ఇట్లనే నడిస్తే నీకు హాజరు సాలదు బిడ్డా. హాజరు లేకుంటె హాల్‌టికెట్ రాదు. నా చేతుల ఏం లేదు." ఆ పిల్ల ఏడవలేదు, బతిమాలలేదు. "సరే సార్" అని వెళ్లిపోయింది. నాకు మాత్రం మనసు చివుక్కుమంది. ఎందుకంటే ఆ ఏసీ గదిలో నేను చెప్పే పాఠాలకు నిద్రపోకుండా కూర్చునేది ఆ పిల్ల ఒక్కతే.

నిద్రపోవడంలో పిల్లల తప్పేమీ లేదు. బయట ఎండ, లోపల చల్లదనం, ఆపైన నా పాఠం. పుస్తకంలో ఉన్న లెక్కలన్నీ వృత్తం వైశాల్యం కనుక్కో, చక్రవడ్డీ కట్టు, పదో ఎక్కం అచ్చు వెయ్యి. పదో ఎక్కం రానివాడెవడు? ఒకరోజు విసుగెత్తి, "అసలు మీకు కంప్యూటర్‌తో ఏం చేయించాలని ఉందో చెప్పండి" అన్నాను. ఎవడో సినిమా టికెట్ అన్నాడు. ఇంకొకడు పెద్దసారు వాచీని వెనక్కి తిప్పాలన్నాడు. గుడాఫ్టర్‌నూన్ లేచి, "మా బోరు నీళ్లు మంచిగున్నయా లేదా చెప్తదా సార్?" అంది. ఇదే కదా పాఠమంటే అనిపించింది. మరుసటి రోజు అందరూ ఇంటి దగ్గరి బోరు నీళ్లు సీసాల్లో తెండి, ప్రోగ్రాం రాద్దాం అని హుకుం జారీ చేశాను.

తెచ్చారు. పాత కూల్‌డ్రింకు సీసాల్లో, పౌడరు డబ్బాల్లో, ఒకడైతే ఏకంగా చెంబుతో. ఒకటి టీ రంగు, ఒకటి పసుపు, ఒకటి ఊపితే నురగ. మేం రాసిన ప్రోగ్రాం మూడు ప్రశ్నలు అడుగుతుంది: రంగు ఉందా, వాసన ఉందా, నురగ ఉందా. ఏ ఒక్కటి ఉన్నా 'తాగకు' అని స్క్రీన్ మీద వస్తుంది. (తెలుగు రాదు కాబట్టి ఇంగ్లిష్ అక్షరాల్లోనే తాగకు.) ఒక్కొక్కరే వచ్చి తమ సీసా ఎదురుగా పెట్టుకుని జవాబులు కొట్టారు. తాగకు. తాగకు. తాగకు. చివరి బెంచీవాడు నీరసంగా, "తాగు అని ఎప్పుడొస్తది సార్?" అన్నాడు. ఆ మాట కోసమే ఒకడు స్టాఫ్‌రూములోకి దూరి, పంతుళ్ల ఫిల్టర్ నుంచి గ్లాసెడు నీళ్లు పట్టుకొచ్చి పరీక్షకు పెట్టాడు. స్క్రీన్ మీద 'తాగు' అని రాగానే క్లాసు క్లాసంతా చప్పట్లు కొట్టింది. సరిగ్గా అప్పుడే పెద్దసారు తలుపు తీశారు. మూసి ఉన్న ఏసీ గదిలో అన్ని సీసాల మూతలు తెరిచి ఉంటే ఆ కంపు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆయన రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఇది కంప్యూటర్ రూమా, మురికి మోరీనా?" అని మాత్రం అడిగి తలుపు మూసేశారు.

ఇంకొకడైతే అక్కడితో ఊరుకునేవాడు. నాకు మాత్రం ఉత్సాహం నెత్తికెక్కింది. పాఠం వింటూ నిద్రపోయే పిల్లలు గంట కొట్టినా లేవకుండా కూర్చున్నారంటే మరి సామాన్యమా! అందుకే తరవాతి పాఠం ట్యాంకరు మీద పెట్టాను. వరుస ఎలా ఉంటే అందరికీ న్యాయం? వెంటనే రభస మొదలైంది. ఒకడు పెద్ద కుటుంబానికి ముందు అన్నాడు (వాళ్లింట్లో తొమ్మిదిమంది). ఒకడు బర్రెలున్న ఇంటికి ముందు అన్నాడు (ఎవరికి బర్రెలున్నాయో చెప్పక్కర్లేదు). బాలింత ఉన్న ఇల్లు, పెళ్లి పెట్టుకున్న ఇల్లు, ట్యాంకరుకు అడ్డం వస్తోందని అరుగు పగలగొట్టుకున్న ఇల్లు, ఇలా తలా ఒక షరతు. అందరి షరతులూ పెట్టి నడిపితే ప్రోగ్రాం ఏ ఇంటికీ నీళ్లివ్వకుండా గిరగిరా తిరుగుతూ ఉండిపోయింది. అప్పుడు గుడాఫ్టర్‌నూన్, "గివన్నీ ఒద్దు సార్. నిన్న యాడ ట్యాంకర్ ఒడిసిపోయిందో ఇయ్యాల ఆడికెళ్లి మొదలు వెడితె సాలు" అంది. నీళ్లు అందని ఇల్లు రేపటికి మొదటి ఇల్లు. అంతే. ఇంత సులువైనది నాకెందుకు తట్టలేదా అని తల గోక్కున్నాను.

ఆ పిల్లే కీబోర్డు ముందు కూర్చుని, బస్తీలోని ఇళ్లన్నీ వరుసగా ఎక్కించింది. మొదట తెలిసిన పేరే కదా ఎవరైనా కొడతారు, వాళ్ల నాయనమ్మ పేరు మొదట కొట్టింది. ఆ పీరియడ్‌లోనే నడిపి చూశాం. ఇవాళ్టి వరుస చూపిస్తుంది, ఎంతమందికి నీళ్లందాయో అడుగుతుంది, రేపటి వరుస చూపిస్తుంది. ఒక్క పీరియడ్‌లో నెలరోజుల ట్యాంకర్లు గడిచిపోయాయి, ఏ ఇంటికీ అన్యాయం జరగలేదు. నేను వెళ్లి బస్తీవాళ్లకు చెబితే వాళ్లు కూడా ఇట్టే ఒప్పుకున్నారు. బస్టాండులో కంప్యూటర్ జాతకం రాయించుకుని పెళ్లిళ్లు కుదుర్చుకుంటున్న కాలం అది. కంప్యూటర్ చెప్పిందంటే ఎదురు మాట్లాడేవాళ్లు లేరు. ట్యాంకరు నడిపే చాచా అందరికంటే సంతోషించాడు. "రోజూ ఔరతోంకా ఝగడా, ఈ ఆడోళ్లు నా పైపు రెండుసార్లు గుంజి చింపిండ్రు. మీ మిషన్ చెప్తే మంచిదే సార్" అన్నాడు. నేను బస్సెక్కి సంగారెడ్డి చేరేదాకా గాల్లో తేలుతూనే ఉన్నాను. ఇంటికెళ్లి మా అమ్మతో, "ఒక బస్తీ నీళ్ల సమస్య తీర్చేశానే" అన్నాను. ఆమె, "గట్లనా, మన నల్లా వాచరు జెర మార్వు బిడ్డా, మూడు దినాలసంది కారుతుంది" అంది. వినిపించుకోలేదు.

మొదటి రోజు బోరు మోటారు గది గోడ మీద గుడాఫ్టర్‌నూన్ సుద్దముక్కతో వరుస రాసింది. వాళ్ల నాయనమ్మ పేరే మొదట. ఎవరో ఒకరు మొదట ఉండాలిగా, ఎవరూ ఏమీ అనలేదు. ఆ పిల్ల ఆ రోజు ప్రార్థనకు అందుకుంది. పెద్దసారు గేటు దగ్గర జోడించబోయిన చేతులు దించి, వాచీ చెవి దగ్గర పెట్టుకుని చూశారు. ఆ మధ్యాహ్నం రేపటి వరుస కోసం ప్రోగ్రాం నడిపితే, తెర మీదికి వచ్చిన వరుసలో మళ్లీ వాళ్ల నాయనమ్మే మొదట ఉంది. "సార్, మల్ల మా ఇల్లే వచ్చింది" అంది ఆ పిల్ల అనుమానంగా. నేను టై సవరించుకుని, "కంప్యూటర్ తప్పు చేయదమ్మా. లెక్క దానికి తెలుసు, రాసేయ్" అన్నాను. రాసింది. మూడోరోజుకు కూడా వాళ్లిల్లే వచ్చింది. "రాయాల్నా సార్?" అంది. రాయమన్నాను. ఎంత ధీమా అంటే, ఆ మాటతోపాటు ఒక చిరునవ్వు కూడా నవ్వినట్టు గుర్తు.

సంగతేమిటో ఇప్పటి పిల్లలు ఇట్టే పట్టేస్తారు. మేం నెలరోజుల వరుసల్ని ఒకే పీరియడ్‌లో, కంప్యూటర్ ఆపకుండా నడిపి చూశాం. నిన్న ఎక్కడ ఆగిందో అది గుర్తుంచుకుంది. కానీ నిజంగా రోజూ సాయంత్రం ఏం జరుగుతోంది? పెద్దసారు ఆజ్ఞ ప్రకారం ప్లగ్గు పీకి, పూల తొడుగు తొడిగి, దానికి రెస్టు ఇస్తున్నాం. తెల్లారి లేచిన కంప్యూటర్‌కు నిన్నటి ట్యాంకరు సంగతి అక్షరం ముక్క గుర్తులేదు. అది మళ్లీ మొదటి పేరు దగ్గర మొదలుపెడుతోంది. గుర్తుంచుకునేలా దాచిపెట్టే పాఠం పుస్తకం చివర్లో ఉంది, మేం ఇంకా అక్కడిదాకా రాలేదు.

నాలుగోరోజు ప్రార్థన సగంలో ఉండగా బస్తీ ఆడవాళ్లు ఖాళీ బిందెలతో గేటులోకి వచ్చేశారు. ముందు నడుస్తున్నది బర్రెలామె, అంటే పాలు పోసే ఆమె. "ఏంది సారూ గిది?" అని నేరుగా పెద్దసారు ముందుకొచ్చి నిలబడింది. "మీ బళ్లె సదివే పిల్ల కంప్యూటర్ల వాళ్ల నాయినమ్మను ముందట రాసుకున్నది. దినాం వాళ్లకే నీళ్లు. మేమేం పాపం జేసినం?" ఇంకొకామె, "ముసల్ది మంచం మీద కూసోనే మొదటి బిందె వట్టిపిస్తుంది, మా కోడలు బాలింత" అంది. చాచా వాల్వు తిప్పనని భీష్మించి కూర్చున్నాడట, లొల్లి తేలేదాకా. గుడాఫ్టర్‌నూన్ పదో తరగతి వరుసలో తల దించుకుని నిలబడి ఉంది. ఆ ముఖం చూశాక నా ధీమా మొత్తం చెప్పుల్లోకి జారిపోయింది. మెల్లగా పెద్దసారు దగ్గరికి వెళ్లి, తప్పు పిల్లది కాదు, రాయమన్నది నేనే, కంప్యూటర్‌కు మతిమరుపు అని గొణిగాను. ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశారు. "లక్షలు వోసి కొన్నం, దానికి మతిమరుపా?" అన్నారు. తరవాత ఆడవాళ్ల వైపు తిరిగి, "నడవండ్రి, నేనొస్త. బడి ఇజ్జత్ మాట" అని బయలుదేరారు. వెనక నేను. ఆ పిల్ల కూడా బయలుదేరబోతే, "నువ్వు క్లాసుకు వో" అన్నారు.

బస్తీలో వరుస ఎలా ఉండేదంటే, అందులో మనుషులు తక్కువ, వస్తువులు ఎక్కువ. తెల్లారుజామునే వచ్చి ఒక బిందె, ఒక పగిలిన బకెట్టు, ఒక ఇటుక, ఒక ఒంటి చెప్పు పెట్టి వెళ్లిపోతారు. ఆ ఇటుక ఎవరిదో బస్తీ మొత్తానికీ తెలుసు, దాన్ని జరిపే ధైర్యం ఎవరికీ లేదు. పెద్దసారు వరుస ముందు నిలబడి, ఇవాళ నిన్న నీళ్లందని ఇంటి నుంచి మొదలు, రేపు ఇవాళ ఆగిన చోటి నుంచి మొదలు, కంప్యూటర్ సంగతి ఈ కంప్యూటర్ సారు చూసుకుంటాడు అని తీర్పు చెప్పారు. చాచా వాల్వు తిప్పాడు. అంతా సర్దుకుంది, ఇక తిరిగి వెళ్దాం అనుకునేలోపు బర్రెలామె, "సారూ, జెర నా బిందె జూడున్రి, పొయ్యి మీద పాలు వెట్టొచ్చిన, మీరుంటె ఎవ్వరు ముట్టరు" అంటూ వెళ్లిపోయింది. ఆ మాట నిజమే. పెద్దసారు నిలబడ్డ చోట బిందె జరిపే మొనగాడు ఆ బస్తీలో పుట్టలేదు. ఆ సంగతి మిగతావాళ్లకు కూడా తట్టింది. ఒకామెకు పిల్లాడు ఏడుస్తున్నాడు. ఒకామె మొగుడికి అన్నం డబ్బా కట్టాలి, జనరల్ షిఫ్టు. ఇంకొకామె కారణం కూడా చెప్పలేదు, "పెద్దసారున్నడు గద" అని పక్కామెతో అనేసి నడిచింది. చూస్తుండగానే వీధి ఖాళీ. మిగిలింది బిందెలు, ఇటుకలు, పెద్దసారు, నేను.

వదిలేసి వెళ్దామంటే ఆయన మనసొప్పలేదు, మాటిచ్చిన మనిషి. "పైపు వట్టు" అన్నారు నాతో. నేను పైపు పట్టుకున్నాను, ఆయన బిందెలు జరిపారు. ఇటుకలు వచ్చినచోట ఎవరి బిందె పెట్టాలో తెలియక చాచాను అడిగేవారు. చాచా బీడీ కాలుస్తూ, "గది దర్జీ వాళ్లది సార్, ఆగున్రి, వస్తరు" అనేవాడు. ఆగేవాళ్లం. పైపు మాటిమాటికీ చేతిలోంచి జారి పెద్దసారు ప్యాంటు తడిపింది, వాచీ తడిపింది, నా టైని కూడా వదల్లేదు. మధ్యలో ఆయన వాచీ చూసుకున్నారు, అద్దంలోకి నీళ్లు పోయి ముల్లు కనిపించలేదు. "ఎంతైతుందయ్యా టైము?" అన్నారు. నా దగ్గర వాచీ లేదు. దూరంగా బడి గంట వినిపించింది. ఫస్ట్ పీరియడ్ అయిపోయింది. తరవాత ఇంకో గంట కూడా వినిపించింది. ఆయన చేతిలో ఉన్న బిందెను నింపి, దాని మూతిని అరచేత్తో తుడిచి, పక్కకు పెట్టారు. "దినాం గిట్లనేనా?" అని చాచాను అడిగారు. "ఇయ్యాల నయం సార్, మీరున్నరని కొట్లాట లేదు" అన్నాడు చాచా.

తడిసి ముద్దై మేమిద్దరం బడికి చేరేసరికి మూడో పీరియడ్ నడుస్తోంది. పెద్దసారు లెక్కల మాస్టరు కూడా కావడంతో నేరుగా పదో తరగతి గదిలోకే వెళ్లారు, వెనక తలుపు దగ్గర నేను ఆగాను. పిల్లలందరూ లేచి నిలబడ్డారు. తరవాత వెనక బెంచీ నుంచి ఎవడో ఎంతో వినయంగా, "గుడ్ ఆఫ్టర్‌నూన్ సార్" అన్నాడు. ఇక ఆ కుర్రాడి పని అయిపోయిందనుకున్నాను. పెద్దసారు తడి రుమాలుతో ముఖం తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. రుమాలు తీసేసరికి ఆయన నవ్వుతున్నారు. ఆ బడిలో చేరాక ఆయన పళ్లు చూడటం నాకదే మొదలు. "కూసోండ్రి" అని, గుడాఫ్టర్‌నూన్ వైపు చూసి, "నువ్వు ఒంటిగ ఎట్ల మోస్తవు బిడ్డా గా బిందెలు?" అని అడిగారు. ఆ పిల్ల, "అలవాటైంది సార్" అంది. ఆయన ఆ రోజు లెక్కల పాఠం చెప్పలేకపోయారు.

మరునాడు ప్రార్థనలో ప్రకటించారు. ట్యాంకరు వరుసలో నిలబడ్డ పిల్లలు బడిలో ఉన్నట్టే లెక్క. హాజరు అక్కడే వేస్తారు. పదో తరగతికి ఫస్ట్ పీరియడ్ ఇకనుంచి కంప్యూటర్, ఆ పాఠం కూడా అక్కడే జరుగుతుంది. "కంప్యూటర్ లేకుండా కంప్యూటర్ పాఠమెలా సార్?" అని నేను అడిగాను. "మతిమరుపు మిషన్ ఉంటె ఏంది, లేకుంటె ఏంది. నువ్వున్నవు గదా" అన్నారు. అలా నా ఏసీ గది పోయింది, టై పోయింది, నెత్తి మీదికి ఎండ వచ్చింది. మొదట్లో లోలోపల ఏడ్చుకున్నాను, దాపరికం దేనికి. కానీ ఆ బోరు గది గోడే నల్లబల్ల అయ్యాక, వరుసలోని బిందెలే పాఠం అయ్యాక, ఒక్క పిల్లాడూ నిద్రపోలేదు. పెద్ద బిందె నుంచి చిన్న బిందెకు వరుసగా సర్దడం పిల్లలు పది నిమిషాల్లో నేర్చుకున్నారు (అదే సార్టింగు, నాకు అమీర్‌పేటలో వారం పట్టింది). గోడ మీద ఆగినచోట ఒక గీత గీసి, "కంప్యూటర్ కూడా ఇలా ఒక గీత గీసుకుని పెట్టుకోవాలి, లేకపోతే ప్లగ్గు పీకగానే మరిచిపోతుంది" అని చెబితే, గుడాఫ్టర్‌నూన్‌తోపాటు వెనక నిలబడ్డ బర్రెలామెకు కూడా అర్థమైంది. "గది ముందుగాల్నే చెప్తె ఏం వోయె సారూ, ఉత్తగ ముసల్దాన్ని తిట్టిపిచ్చినవ్" అంది నాతో. ప్రోగ్రాం సరిచేశాం. బాలింత షరతు ఒక్కటి అందరూ ఒప్పుకుని చేర్పించారు.

ఆ పిల్లకు హాజరు సరిపోయింది. హాల్‌టికెట్ పెద్దసారు స్వయంగా ఇంటికెళ్లి ఇచ్చొచ్చారు. తీరా మొదటి పరీక్ష రోజు మళ్లీ అదే చిక్కు. పరీక్ష పటాన్‌చెరులో, ట్యాంకరు ఇక్కడ, రెండూ ఒకే వేళకు. వాళ్లమ్మకు సెలవు దొరకలేదు. ఆ పిల్ల బస్సెక్కే ముందు బిందెలు నాకప్పగించి, "మా ఇల్లు ఇయ్యాల ఆఖరుకున్నది సార్, నీళ్లు దొరుకుతయో లేదో" అంది. నువ్వు పరీక్ష సంగతి చూసుకో అని పంపాను గానీ నాకూ గుబులుగానే ఉంది. ఆ రోజు ట్యాంకరు ఆలస్యంగా వచ్చింది, నిండుగా కూడా లేదు. వరుస చివర నేను, నా ముందు బస్తీ అంతా. వాల్వు తిప్పగానే బర్రెలామె వెనక్కి తిరిగి నన్ను చూసింది. "ఓ కంప్యూటర్ సారూ, ఆడ ఏం జేస్తున్నవ్? పరీచ్చ వోయిన పిల్ల ఇల్లు ముందట రావాలె. ఇటు తే బిందెలు" అంది. ప్రోగ్రాంలో అలా లేదని నేనేదో నసిగాను. "లేకుంటె రాస్కో" అంది. ఇటుకలవాళ్లు, చెప్పులవాళ్లు, ఒక్కరు కాదనలేదు. ఒక్కో షరతు మీద వారాలకు వారాలు కొట్లాడుకున్న బస్తీ ఇది. బిందెలు చేతులు మారుతూ ముందుకెళ్లాయి.

నిండిన బిందెలు వాళ్లింటికి మోసే భారం మాత్రం ఎవరూ పంచుకోలేదు. భుజం మీద పెట్టుకుంటే వీపు తడిసింది, నడుం మీద పెట్టుకుంటే జనం నవ్వారు. నాయనమ్మ గుమ్మంలో కూర్చుని, "సగం తొవ్వలనే వోసినవ్ గద బిడ్డా" అని నిట్టూర్చి, నాకు కూర్చోవడానికి పీట వేసింది. మధ్యాహ్నానికి ఆ పిల్ల వచ్చింది. ఎలా రాశావని నేనడిగేలోపే వంటింట్లోకి వెళ్లి, బిందెల మూతలు తీసి లోపలికి తొంగి చూసింది. చూసి, గ్లాసెడు నీళ్లు ముంచుకుని తాగింది. తాగాక బయటికొచ్చి, "మంచిగ రాసిన సార్" అంది.

ఆ తరవాత నేను వేరే ఉద్యోగాలకు వెళ్లాను, ఎన్నో ప్రోగ్రాములు రాశాను, కొన్నిటికి మంచి జీతాలే ఇచ్చారు. వాటిని ఎవరు వాడారో, వాళ్ల ముఖాలు ఎలా ఉంటాయో నాకు తెలియదు. ఆ ఒక్కదాన్ని వాడినవాళ్ల గుమ్మాలు మాత్రం కళ్లు మూసుకున్నా కనిపిస్తాయి, ఎవరి పొయ్యి మీద పాలున్నాయో కూడా చెప్పగలను. అందులో సగంమంది నన్ను తిట్టినవాళ్లే. ఇప్పుడు ఆఫీసులో నన్ను ఎవరూ తిట్టరు, తలుపు తట్టి మరీ లోపలికి వస్తారు. అప్పుడప్పుడు ఆ తిట్లు గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకుంటూ ఉంటే, తలుపు తట్టినవాళ్లు కాసేపాగి వస్తామని వెళ్లిపోతుంటారు.